పండ్ల డాక్టర్ పేరు చెప్పి

ఆ రోజు బోధన్ బస్టాండులో నేను దిగలేదు. కండక్టర్ రెండుసార్లు పిలిచాడు. నిజామాబాద్ నుంచి రోజూ ఎక్కే మనిషిని కాబట్టి నేను ఎక్కడ దిగాలో అతనికి తెలుసు, నాకూ తెలుసు. బ్యాగు భుజానికి తగిలించుకుని సిద్ధంగానే ఉన్నాను. కాళ్ళు మాత్రం లేవలేదు. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. లేవాలన్న ఆలోచన తల దాకా వచ్చి అక్కడే ఒక సీటు చూసుకుని కూర్చుంది. బస్సు బిలోలి వరకు వెళ్తుంది. అక్కడికి టికెట్ తీసుకున్నాను. సాలూర దాటి, మంజీర వంతెన దాటి, ప్రీఫైనల్ పరీక్షలు జరుగుతున్న కాలేజీని వెనక వదిలేసి మహారాష్ట్రలోకి వెళ్ళిపోయాను.

అప్పటికి ఆరేళ్ళుగా నేను బోధన్‌లో ఒక ఆడపిల్లల జూనియర్ కాలేజీకి ప్రిన్సిపాల్‌ని. లెక్కలు చెప్తాను. మూడేళ్ళ నుంచి మా పిల్లలు ఒక్కరూ తప్పలేదు. అందుకని నాకు ఏటా శాలువా కప్పేవారు. ఆ శాలువాల్లో రెండింటిని మా అత్తమ్మ కలిపి కుట్టి చలికాలం కప్పుకుంటుంది. నాకు జరిగిన సన్మానాల్లో ఎవరికైనా పనికొచ్చింది అదొక్కటే.

పని బాగా చేసినవాళ్ళకు మా శాఖలో ఇచ్చే బహుమతి ఇంకో పని. "మేడమ్‌కు చెప్తే అయిపోయినట్టే" అని మా పై అధికారి మీటింగుల్లో అనేవారు. ఆ మాట వినడానికి ఎంత తీయగా ఉంటుందో చెప్పలేను. ఆ తీపికే నేను ఎన్నికల శిక్షణ ఒప్పుకున్నాను, మొక్కల లెక్క ఒప్పుకున్నాను, మరుగుదొడ్ల ఫోటోలు టైముతో సహా తీసి పంపే పని జిల్లా మొత్తానికీ ఒప్పుకున్నాను. ఒకసారి మా ఆయన నా ఫోన్‌లో పెళ్ళిరోజు ఫోటో కోసం వెతికితే, మేమిద్దరం ఉన్నది ఒక్కటి దొరికింది. అందులో మా వెనక కొత్తగా కట్టిన మరుగుదొడ్డి ఉంది.

బిలోలి బస్టాండులో ఒక వడాపావ్ తిని బల్ల మీద కూర్చున్నాను. జామకాయలమ్మే ఆమె దగ్గరికొచ్చి మరాఠీలో ఏదో అడిగింది. నాకు అర్థం కాలేదు. ఎవరో ఏదో అడగడం, దానికి నేను జవాబు చెప్పాల్సిన అవసరం లేకపోవడం ఎన్నేళ్ళకు జరిగిందో. అక్కడే మూడింటి దాకా ఉన్నాను. ఫోన్ తీసి చూస్తే పద్నాలుగు కాల్స్. బీరువా తాళం ఎక్కడుందని కొన్ని, సంతకం ఎప్పుడు పెడతారని కొన్ని, పదకొండు గంటలకు పంపాల్సిన రిపోర్టు గురించి మూడు. ఎక్కడున్నారని అడిగినవాళ్ళు లేరు. నేను ఉండాల్సిన చోట కాక ఇంకెక్కడైనా ఉంటానన్న అనుమానమే ఎవరికీ వచ్చినట్టు లేదు.

మర్నాడు అందరికీ పన్ను నొప్పి అని చెప్పాను. మా దగ్గర దంతాలను పండ్లు అనే అంటాం. పండ్ల డాక్టర్ దగ్గరికి పోయానంటే ఇక ఎవరూ వివరాలు అడగరు. తమ పంటి కథే చెప్పుకుంటారు.

అయితే ఇంట్లోవాళ్ళు నేను తేడాగా ఉన్నానని కనిపెట్టారు. మా ఆయన పసుపు వ్యాపారి. ఆయన లెక్కలో లోకంలోని జబ్బులన్నీ రెండే రకాలు: పసుపు పాలతో తగ్గేవి, ఇంకొంచెం పసుపు వేస్తే తగ్గేవి. నెల రోజులు తాగాను. నిజామాబాద్‌లో మాకు తెలిసిన ఒక లేడీ డాక్టర్ రక్తం పరీక్షలన్నీ రాసింది. అన్నీ మామూలుగానే వచ్చాయి. బి-ట్వెల్వ్ సూదులు రాసి, టెన్షన్ తీసుకోవద్దు, రెస్ట్ తీసుకోండి అని చెప్పింది. ఆ రెండు మాటలు చెప్పే లోపల ఆమె ఫోన్ నాలుగుసార్లు మోగింది.

ఫిబ్రవరిలో మా శాఖవారికి ప్రిన్సిపాళ్ళు ఒత్తిడిలో ఉన్నారని తెలిసింది. ఒత్తిడి తగ్గించడానికి నిజామాబాద్‌లో ఒక ఫంక్షన్ హాలు తీసుకుని ఒకరోజు శిక్షణ పెట్టారు. ప్రాక్టికల్స్ నడుస్తున్న రోజులు. హాజరు తప్పనిసరి, రానివాళ్ళు సంజాయిషీ ఇవ్వాలి. ఏర్పాట్ల బాధ్యత మేడమ్‌కు చెప్తే అయిపోయినట్టే కాబట్టి నాకు చెప్పారు.

'ఒత్తిడి లేని జీవితం' అని ఫ్లెక్సీ కొట్టించాను. ఆ ఫ్లెక్సీలో అధికారి ఫోటో పెద్దదిగా రాలేదని రెండోసారి కొట్టించాను. హైదరాబాద్ నుంచి రావాల్సిన వక్త రెండు గంటలు ఆలస్యంగా వచ్చి అందరినీ కళ్ళు మూసుకోమన్నారు. సముద్రం ఒడ్డున కూర్చున్నట్టు ఊహించుకోమన్నారు. మాలో సగం మందికి సముద్రమంటే శ్రీరాంసాగర్ డ్యామ్ వెనక నీళ్ళే. అయినా కళ్ళు మూసుకున్నారు, కొందరు గురక దాకా వెళ్ళారు. నేను వెనక వంటల దగ్గర ఉన్నాను, పెరుగన్నం తక్కువ పడేలా ఉంది.

రెండో వక్త నిజామాబాద్‌లోనే ఉండే ఒక కౌన్సెలర్. యాభై దాటిన మనిషి, బోధన్‌లో తరతరాలుగా దూది రజాయిలు కుట్టే ముస్లిం కుటుంబంలో పుట్టారు. మొదటాయన ఆలస్యం వల్ల ఆమెకు గంట బదులు అయిదు నిమిషాలు ఇచ్చారు. ఆమె మైకు ముందు నమస్కారం పెట్టి, అందరికీ ఆకలవుతోందని తనకు తెలుసునని చెప్పి దిగిపోయారు. నేరుగా వంటల దగ్గరికి వచ్చారు.

"మీరు తిన్నరా మేడమ్?"

నూట పద్దెనిమిది మంది తిన్నారని, డ్రైవర్లు ఇంకా మిగిలారని చెప్పాను.

"వాళ్ల సంగతి కాదు. మిమ్మల్ని అడుగుతున్న."

నిజంగా గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాను. పొద్దున్న తిన్నానా, రాత్రి తిన్నానా తెలియలేదు. ఆమె ఒక ప్లేట్‌లో అన్నం పెట్టి నా చేతికిచ్చి, బోర్లించిన పెద్ద వంట డేగ్చా చూపించి కూర్చోమన్నారు. రెండు ముద్దలు తినేసరికి ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే పాపడాలు మనిషికి రెండే వెయ్యమని వంటామెకు చెప్పానట. ఆ సంగతి తర్వాత కౌన్సెలరే నాకు చెప్పారు. సాయంత్రం నేను శిక్షణ విజయవంతమైందని ఫోటోలతో రిపోర్టు పంపించాను. మర్నాడు శనివారం నాలుగు గంటలకు ఆమె గదికి వెళ్ళాను. ఇంట్లో పన్ను మళ్ళీ నొస్తోందని చెప్పాను.

గది బస్టాండు దగ్గర ఒక కళ్ళజోళ్ళ దుకాణం పైన ఉంది. బోర్డు మీద పిల్లల చదువు, పెళ్ళికి ముందు సలహా, తాగుడు మాన్పించుట అని రాసి ఉంది. నేను వీటిలో దేని కిందికి వస్తానో తెలియక మెట్ల మీద కొంతసేపు ఆగాను. చేతిలో ఫైల్ ఉంది. రక్తపరీక్షలు, మందుల చీటీలు తేదీల వారీగా పెట్టి, పైన విషయసూచిక, ఒక పేజీలో సారాంశం.

ఆమె ఫైల్ తిరగేసి, ఇంత మంచి ఫైల్ తన దగ్గరికి ఇంతవరకు ఎవరూ తేలేదన్నారు. నాకు సంతోషమేసింది. అది మెచ్చుకోలు కాదని రెండు మూడు వారాల తర్వాత తెలిసింది.

నాకున్నదాన్ని బర్నౌట్ అంటారని, పని మోసీ మోసీ మనిషి లోపల ఖాళీ అయిపోవడమని, ఎక్కువగా చక్కగా పనిచేసే ఆడవాళ్ళే ఈ స్థితిలో తన దగ్గరికి వస్తారని ఆమె చెప్పారు. చక్కగా పనిచేసేవాళ్ళకు వచ్చేదని వినగానే అది నాకు రావడం న్యాయమే అనిపించింది. సిలబస్ ఎంత, ఎన్ని వారాల్లో అవుతుంది, మార్చి పరీక్షల లోపల పూర్తి చేయగలమా అని అడిగాను. ఆమె, రోజూ అరగంట ఏమీ చేయకుండా కూర్చోండి, ప్రస్తుతానికి అంతే అన్నారు.

ఇంటికొచ్చి టైంటేబుల్ వేశాను. సాయంత్రం ఆరూ పది నుంచి ఆరూ నలభై దాకా డాబా మీద ఏమీ చేయకపోవడం. ఇంట్లో అందరికీ చెప్పాను. మా ఆయన, ఎట్లాగూ ఖాళీగనే ఉంటవు కదా, ఆ అరగంట మార్కెట్ యార్డు నుంచి వచ్చే పసుపు ధరల మెసేజ్‌లు చదివి చెప్పమన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఒక కొత్త నోటుబుక్‌కు అట్ట వేసి, మార్జిన్ కొట్టి, తేదీ, మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, రిమార్కులు అని గళ్ళు గీశాను. శనివారం దాన్ని ఆమె ముందు పెట్టాను. అరగంట అన్నారు, నేను ముప్పై అయిదు నిమిషాలు చేశానని చెప్పాను.

ఆ ముప్పై అయిదు నిమిషాల్లో ఏమనిపించిందని ఆమె అడిగారు. రెండో సంవత్సరం పిల్లల రివిజన్ ప్లాన్ పూర్తయిందని చెప్పాను.

"వచ్చే వారం హోంవర్క్ చేయకుండ రండి," అన్నారు.

నా జీవితంలో హోంవర్క్ చేయకుండా ఒక్క రోజు బడికి వెళ్ళింది లేదు. ఆ వారం గడిచినట్టు ఏ వారమూ గడవలేదు. సోమవారం అలవాటు కొద్దీ డాబా ఎక్కి, గుర్తొచ్చి దిగాను. బుధవారానికి నాకొక చిక్కు ఎదురైంది. చేయకపోవడమే హోంవర్క్ అయితే, చేయకపోతే చేసినట్టు. చేస్తేనే చేయనట్టు. లెక్కల మనిషిని కాబట్టి మూడు రోజులు దానిలోనే తిరిగాను. శనివారం ఆమెకు బోర్డు మీద వివరించినట్టు వివరించాను. ఆమె కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు.

"ఇక్కడ ర్యాంకులు లేవు మేడమ్," అన్నారు చివరికి. "ఉన్నా మీకు ఇయ్యను."

చిన్నప్పటి నుంచి నాకు ర్యాంకు ఇవ్వనన్న మొదటి మనిషి ఆమె. చాలా కోపమొచ్చింది. మెట్లు దిగేదాకా కోపంగానే ఉన్నాను. బస్టాండు దగ్గరికి వచ్చాక, ఆ రోజు పొద్దుటి నుంచి మొదటిసారి నాకు ఆకలవుతోందని గమనించి ఇరానీ హోటల్లో ఒక ఉస్మానియా బిస్కెట్, ఛాయ్ తీసుకున్నాను. దాని గురించి నోటుబుక్‌లో రాయలేదు.

మార్చిలో ఒక శనివారం వరండాలో నా వంతు కోసం కూర్చుంటే లోపలి నుంచి నాకు బి-ట్వెల్వ్ రాసిన లేడీ డాక్టర్ బయటికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూడగానే, చెల్లెలి విషయం మాట్లాడడానికి వచ్చానంది. నేను కూడా మా చెల్లెలి కోసమే వచ్చానన్నాను. ఇద్దరికీ చెల్లెళ్ళు లేరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. జాగ్రత్తగా చూసుకోమని చెప్పండి మీ చెల్లెల్ని అందామె. మీరు కూడా అన్నాను. ఆ తర్వాత ఎప్పుడు ఎదురుపడినా ముందు చెల్లెళ్ళ క్షేమం అడిగి, తర్వాతే మామూలు మాటలు మాట్లాడుకుంటున్నాం.

మా బాపుకు మాత్రం నిజం చెప్పాను. ఆయన బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసినవాడు, ఇప్పుడు నా తమ్ముడి దగ్గర ఉంటాడు. కాలేజీ అయ్యాక వెళ్ళి పక్కన కూర్చుని బిలోలి సంగతి, కౌన్సెలర్ సంగతి చెప్పాను. చెరుకు గానుగ ఆడేది సంవత్సరంలో నాలుగైదు నెలలేనని, మిగతా కాలమంతా మిషన్లు విప్పి, కడిగి, అరిగినవి మార్చి పెట్టేవాళ్ళమని ఆయన చెప్పాడు. ఆఫ్ సీజన్ లేకుండా ఏ మిషనూ నడవదన్నాడు. ఎంత బాగా చెప్పాడో అనుకుని నోటుబుక్ తీయబోయాను. ఆయన చేత్తో వద్దన్నాడు.

"మల్ల గట్లని పూరా బందు వెట్టకు బిడ్డా. మా ఆఫ్ సీజన్ ఎంత పొడుగైందో సూస్తున్నవు గద."

ఫ్యాక్టరీ మూతపడి ఏళ్ళయింది. ఆ మాటకు ఇద్దరం నవ్వాం. నవ్వాల్సింది కాదేమో కూడా.

ఏప్రిల్‌లో మా అత్తమ్మకు నిజంగానే పన్ను నొప్పి వచ్చింది. ఆమెది మోర్తాడ్ వైపు. పసుపు ఉడకబెట్టే రోజుల్లో నాలుగింటికే లేచి పొయ్యి దగ్గర నిలబడిన మనిషి, ఒళ్ళు నొప్పి అని ఎప్పుడూ అనలేదు. దవడ పట్టుకుని వచ్చి, నువ్వు పోయే పండ్ల డాక్టర్ దగ్గరికే నన్ను కూడా తీసుకపో, రెండు నెలల నుంచి పోతున్నవంటే మంచోడే అయ్యుంటడు అంది. మా ఆయన బండి తీసి ఇద్దరినీ బస్టాండు దగ్గర దింపి వెళ్ళాడు. ముందు వేరే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి తప్పించుకుందామనుకున్నాను. ఆమె అప్పటికే కళ్ళజోళ్ళ దుకాణం అబ్బాయిని పైన డాక్టరున్నరా అని అడిగి మెట్లెక్కుతోంది. ఆ మెట్ల దగ్గర నేను దిగడం ఆమె రెండుసార్లు ఆటోలో పోతూ చూసిందట.

లోపలికి వెళ్ళి కౌన్సెలర్‌కు విషయం చెప్పాను. ఆమె ఏమీ కంగారు పడకుండా అత్తమ్మను కూర్చోబెట్టి, నన్ను వరండాలో ఉండమన్నారు. పన్ను ఎప్పటి నుంచి నొస్తోందని అడిగి ఉంటారు. తలుపు వెనక అత్తమ్మ గొంతు మొదలైంది. ముప్పావు గంట ఆగలేదు. వినకూడదని లేచి చివరికి పోయినా కొన్ని మాటలు వినబడ్డాయి. పెళ్ళయిన కొత్తలో మోర్తాడ్ నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకున్న ఒక నల్లమేక గురించి చెప్తోంది. ఇరవై రెండేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం, ఆ మేక సంగతి నాకు తెలియదు.

బయటికొచ్చి చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ అంది:

"మంచి డాక్టర్. పన్ను ముట్టనే ముట్టలే."

తర్వాత నిజమైన పండ్ల డాక్టర్ దగ్గరికి వెళ్ళి పన్ను పీకించాం. తిరిగి వస్తూ ఆటోలో, దూదిని దవడకు అదుముకుని, నా పండ్లన్నీ గట్టిగానే ఉన్నాయని తనకు మొదటి వారమే తెలుసునని చెప్పింది. చెరుకు గడ నమిలేటోళ్ళకు పన్ను నొప్పి ఎక్కడిదంది. ఎందుకు అడగలేదంటే, అడిగితే నువ్వు పోవుడు బందు వెడ్తవు అంది.

ఆ తర్వాత ఆమె నా రహస్యాన్ని ఎంతో భద్రంగా గల్లీ అంతటికీ చెప్పింది. కోడలు మాటల డాక్టర్ దగ్గరికి పోతుందని, ఆ డాక్టర్ సూది వెయ్యదని, గోలీ ఇయ్యదని, మనం చెప్పింది మధ్యలో ఆపకుండా వింటదని. ఆఖరి మాట విన్నాక అయిదుగురు ఆడవాళ్ళు నా దగ్గర నంబరు తీసుకున్నారు. వాళ్ళలో ఇద్దరు, ఇంట్లో పండ్ల డాక్టర్ అని చెప్పొచ్చా అని అడిగారు.

ఫలితాలకు వారం ముందు మా అధికారి ఫోన్ చేశారు. సిరికొండలో ఒక కాలేజీకి ప్రిన్సిపాల్ లేరట, అదనపు బాధ్యత నాకు ఇస్తున్నారట. నిజామాబాద్ నుంచి బోధన్ పడమటికి, సిరికొండ తూర్పుకు. రెండింటికీ ఒకే రోజు పోవాలంటే నన్ను మధ్యలో చీల్చాలి. మీరైతేనే ఆ కాలేజీ లైన్లోకి వస్తుందని ఆయన అంటున్నారు. ఆ తీపి నాలుక మీదికి వచ్చింది. సరే సార్ అన్న మాట పండ్ల దాకా వచ్చింది.

"నాతోని కాదు సార్," అన్నాను.

ఆయన ఫోన్ పెట్టలేదు. కారణం కోసం చూస్తున్నారు. నేను కూడా కారణం కోసం చూస్తున్నాను. ఆరోగ్యం, అత్తమ్మ, పన్ను అన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఏదీ చెప్పలేదు.

"ఏమన్న ప్రాబ్లమా మేడమ్?"

"ఏం లేదు సార్. నాతోని కాదు, అంతే."

ఫోన్ పెట్టేశాను. ఆకాశం ఊడి పడుతుందేమోనని సాయంత్రం దాకా ఎదురుచూశాను. పడలేదు. కాకపోతే నాకు పెద్ద జబ్బు అని ఒకరు, రాజకీయాల్లోకి పోతున్నానని ఒకరు, ఏదో ప్రైవేటు కాలేజీ పెడుతున్నానని ఒకరు చెప్పుకున్నారు. ఆడమనిషి చేతకాదని ఊరికే అంటుందని మాత్రం ఎవరూ నమ్మలేదు. సిరికొండ కాలేజీ సంగతి తర్వాత కనుక్కుంటే, అది అప్పటికే ఏడాదిగా ప్రిన్సిపాల్ లేకుండా నడుస్తోందట. ఇప్పుడూ అలాగే నడుస్తోంది.

ఆ ఏడు మా కాలేజీలో ముగ్గురు పిల్లలు తప్పారు. ముగ్గురూ లెక్కల్లోనే. సమీక్షలో నన్ను లేపి నిలబెట్టి, మీరు కూడానా మేడమ్ అన్నారు. ఆ రోజు గెలిచినట్టేమీ అనిపించలేదు. శాలువా లేకుండా ఇంటికొచ్చి అన్నం తిన్నాను. శనివారం ఆ అవమానం గురించి కౌన్సెలర్ దగ్గర గంటసేపు మాట్లాడాను. ఆమె కూడా తగ్గించి చెప్పలేదు, నొస్తది అన్నారు. ఇప్పటికీ నెలకొకసారి వెళ్తున్నాను. డాబా మీద కూర్చోవడం కొన్ని రోజులు కుదురుతుంది, కొన్ని రోజులు మర్చిపోతాను.

తప్పిన పిల్లలకు మే నెలలో సప్లిమెంటరీ కోసం క్లాసు పెట్టాను. అలవాటుగా పొద్దున ఆరింటికి రమ్మన్నాను. వాళ్ళలో ఒక పిల్ల నేల చూపులు చూస్తూ, అవ్వతోని చేనుకు పోయి వచ్చేసరికి ఎనిమిదైతది మేడమ్ అంది. వెనకటి నేనైతే అయిదింటికి రమ్మనేదాన్ని. ఎనిమిదింటికే పెట్టుకుందామన్నాను.

ఒక రోజు బస్సు దొరక్క నేనే ఎనిమిదింబావుకు చేరాను. ఆరేళ్ళలో మొదటిసారి ఆలస్యం. ఆ ముగ్గురూ వరండా నీడలో కూర్చుని మామిడికాయ ముక్కలు ఉప్పూ కారంతో తింటున్నారు. నన్ను చూసి లేవబోయారు. కూర్చోమని చెప్పాను. చేనుకు పోయే పిల్ల కొంచెం జరిగి, ముక్కలున్న కాగితం నా వైపు నెట్టింది. ఒక ముక్క తీసుకున్నాను, బాగా పులుపుగా ఉంది. అవి అయిపోయాక లోపలికి వెళ్ళి మాత్రికలు మొదలుపెట్టాం.